అనుక్త విలువ: పూరింపని గడికి కంప్యూటరు చెప్పిన సమాధానముల చరిత్ర

మన ప్రభుత్వ కార్యాలయములలో కొంతకాలము పనిచేసిన ప్రతివారికిని 'నిల్ రిపోర్టు' అను మాట సుపరిచితమే. మాసాంతమున ఒక శాఖలో పెండింగు కాగితములు లేకపోయినంత మాత్రమున ఆ శాఖ మౌనము వహించుటకు వీలులేదు. 'లేవు' అని వ్రాసి, సంతకము చేసి, గడువులోగా పంపవలెను. పంపనిచో రిమైండరు వచ్చును. క్రొత్తగా చేరిన యువకుడు దీనిని చూచి, లేనిదానికి ఇంత వ్రాత యెందుకని నవ్వుకొనవచ్చును. కాని ఈ ఆచారమున గొప్ప వివేకము దాగియున్నది. 'లేవు' అనునది ఒక సమాధానము. సమాధానమే రాకుండుట వేరొక స్థితి. ఆ రెంటిని ఒకటిగా భావించిన అధికారి ఏనాడో యొకనాడు చిక్కున పడక తప్పదు.

మన పూర్వులు లెక్కలలో సున్నను 'పూజ్యము' అని వ్యవహరించెడివారు. ఏమియు లేనిదానికి అంత గౌరవపదము నేల వాడవలెనని కొందరికి తోచవచ్చును గాని, కంప్యూటరు చరిత్రను చదివినవారు ఆ గౌరవము దానికి తగినదేయని ఒప్పుకొందురు. గత అరువది సంవత్సరములుగా ప్రోగ్రామింగు భాషలను నిర్మించిన పండితులను మరల మరల వేధించిన ప్రశ్నలలో ఇది యొకటి: ఒక గడిలో ఎవరును ఏమియు వ్రాయనప్పుడు, అందులో నేమున్నదని యంత్రము చెప్పవలెను? ఈ ప్రశ్నకు ఆయా కాలములందు వచ్చిన సమాధానముల చరిత్రయే ఈ వ్యాసమునకు విషయము. మన సభ్యుల బిడ్డలలో అనేకులు నేడు ఈ విద్యనే వృత్తిగా గైకొనియున్నారు. వారి పనిలోని ఒక చిన్న మెలికను పెద్దలకును పరిచయము చేయుట అప్రస్తుతము కాదని తలంచుచున్నాను.

పరిగణన యనగా నేమి?

జనాభా లెక్కల కాగితమును చూచినవారికి ఈ విషయము సులభముగా బోధపడును. 2011 జనగణనలో స్త్రీపురుష వివరమునకు సంబంధించిన గడిలో పురుషులకు 1, స్త్రీలకు 2, ఇతరులకు 3 అని సంకేతములు నిర్ణయించిరి. ఎన్యూమరేటరు తన యిష్టము వచ్చినట్లు వ్రాయుటకు వీలులేదు. ఆ మూడింటిలో నొకటి మాత్రమే వ్రాయవలెను. ఈ విధముగా, ఒక విషయమునకు సాధ్యమగు సమాధానములను ముందుగానే యెంచి, పేర్లుపెట్టి, పట్టికగా కూర్చి, వీనిలో ఒకటి తప్ప మరొకటి చెల్లదని నిబంధించుటయే పరిగణన. ప్రోగ్రామింగు భాషలలో దీనిని ఎన్యూమరేషన్ టైపు అందురు. క్లుప్తముగా 'ఎన్యూమ్' అని పిలుతురు. వారములోని ఏడు దినములు, పేకముక్కలలోని ఇస్పేటు, కళావరు, ఆటీను, డైమను అను నాలుగు రకములు, సెలవు దరఖాస్తు యొక్క వివిధ స్థితులు మున్నగునవన్నియు ఎన్యూమునకు ఉదాహరణములే.

అట్టి గడికి ప్రోగ్రాము వ్రాయువాడు స్వయముగా విలువ నీయనప్పుడు, భాషయే దానంతట అది యిచ్చు విలువను డిఫాల్టు విలువ యందురు. ఎవరును పలుకకుండగనే వచ్చి కూర్చుండునది గావున, ఈ వ్యాసమున దానిని 'అనుక్త విలువ' యని పేర్కొందును.

కాగితముపై ఈ చిక్కు లేదు. పూరింపని గడి ఖాళీగా కనబడును. చూచినవానికి అది ఖాళీయని తెలియును. రంధ్రముల కార్డుల కాలమునను అంతే. 1890లో అమెరికా దేశపు జనాభా లెక్కలకు హెర్మన్ హాలరిత్ నిర్మించిన యంత్రములో, కార్డునందు రంధ్రమున్న చోట లోహపు సూది క్రిందికి దిగి పాదరసమును తాకెడిది. విద్యుత్తు ప్రవహించి లెక్కముల్లు ఒక గీటు ముందుకు జరిగెడిది. ఒక వ్యక్తి కార్డునందు స్త్రీ యనిగాని పురుషుడనిగాని రంధ్రము వేయనిచో, ఏ ముల్లును కదలెడిది కాదు. యంత్రము మౌనముగా నుండెడిది. ఆ మౌనమే సత్యము.

ఎలక్ట్రానిక్ కంప్యూటరుతో పరిస్థితి మారినది. దాని స్మృతిలోని ప్రతి అణుస్థానమును సున్నగానో ఒకటిగానో ఉండి తీరవలెను. అందు 'ఖాళీ' యను మూడవ స్థితి లేదు. తుడిచివేసిన గడియనగా సున్నలతో నింపిన గడి యని యర్థము. సున్న యనునది శూన్యమునకు గుర్తు మాత్రమే కాదు, ఇతర సంఖ్యలతో సమానమైన సంఖ్య యని మనకు ఎప్పుడో తెలిసినదే. క్రీ. శ. 628లో బ్రహ్మగుప్తుడు బ్రాహ్మస్ఫుటసిద్ధాంతమున సున్నతో కూడిక, తీసివేత, గుణకారము చేయు నియమములను వ్రాసి దానికి సంఖ్యాపదవి నిచ్చెను. కంప్యూటరు ఆ సంఖ్యనే మరల ఖాళీ స్థలమునకు గుర్తుగా వాడవలసివచ్చినది. ఒకే వేషధారి రెండు పాత్రలు ధరించిన నాటకము వంటిది ఈ యేర్పాటు. ప్రేక్షకునకు ఏ పాత్ర యెప్పుడు మాటలాడుచున్నదో తెలియకపోవుటయే ఇకముందు చెప్పబోవు కథ.

మొదటి తరము సమాధానములు

వస్తుప్రధానమైన ప్రోగ్రామింగు పద్ధతికి, అనగా నేడు ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ అని ప్రసిద్ధి కెక్కిన పద్ధతికి, ఆదిగ్రంథమనదగిన భాష సిమ్యులా. ఓస్లో నగరములో ఓలె యోహాన్ డాల్, క్రిస్టెన్ నైగార్డ్ అను నార్వే పండితులు దానిని నిర్మించిరి. 1967లో ఏర్పడిన దాని రూపముననే తరగతులు, వస్తువులు, వంశక్రమము అను భావములు ప్రప్రథమముగా స్థిరపడినవి. ఆ భాషలో ప్రతి చలరాశికిని ఆరంభమున ఒక నియత విలువ కలదు. సంఖ్యలకు సున్న, అవునుకాదులకు 'కాదు', ఒక వస్తువును చూపవలసిన సూచికకు 'ఏదియు లేదు' అనునది. పాత స్మృతిలో మిగిలిన చెత్తను చదివి మోసపోవుటకంటె ఇది మేలైన పద్ధతి యనుటలో సందేహము లేదు. ఐనను సిమ్యులాలో ఎన్యూమ్ లేదు. దాని పని సంఖ్యలతో జరుపుకొనవలసినదే.

ఎన్యూమునకు స్పష్టమైన రూపము నిచ్చినవాడు స్విట్జర్లాండునకు చెందిన నిక్లౌస్ విర్త్. జూరిచ్ నగరములోని సాంకేతిక విశ్వవిద్యాలయమున ఆయన నిర్మించి 1970 ప్రాంతమున ప్రకటించిన పాస్కల్ భాషలో, పేర్లను కుండలీకరణములలో వరుసగా వ్రాసినచో అదియే ఒక క్రొత్త రకము. వానిలో మొదటి పేరునకు వరుససంఖ్య సున్న, రెండవదానికి ఒకటి. అవునుకాదులు సైతము పాస్కల్ దృష్టిలో రెండు పేర్ల ఎన్యూమే. 'కాదు' మొదటిది గనుక దాని వరుససంఖ్య సున్న. అయితే పాస్కల్ ఒక విషయమున కఠినముగా నుండెను. విలువ నీయని చలరాశికి ఏ విలువయు లేదని, దానిని చదువుట తప్పని నియమించెను. శాస్త్రదృష్టితో ఇది నిజాయితీ గల సమాధానము. కాని ఆ తప్పును పట్టుకొని చూపు బాధ్యతను ఆనాటి కంపైలర్లు అనేకము వహింపలేదు. నియమము గ్రంథమున నిలిచినది. యంత్రమున చెత్త నిలిచినది.

అమెరికాలోని బెల్ లాబొరేటరీలలో డెనిస్ రిచీ నిర్మించిన సి భాషకు ఎన్యూమ్ ఆలస్యముగా వచ్చినది. 1978లో వెలువడిన ఆ భాషయొక్క ప్రసిద్ధ గ్రంథపు మొదటి కూర్పులో అది లేదు. 1979 నాటి ఏడవ యూనిక్స్ కూర్పునాటికి చేరినది. 1989 నాటి అమెరికా ప్రమాణమున స్థిరపడినది. సి లో ఎన్యూమ్ పేర్లు వట్టి పూర్ణాంకములకు మారుపేర్లు. వేరుగా చెప్పనిచో మొదటి పేరు సున్న. ప్రోగ్రాము నడచినంతకాలము నిలిచియుండు చలరాశులకు ఆరంభవిలువ సున్న. తాత్కాలికముగా పుట్టి గిట్టు చలరాశులకు ఏ హామీయు లేదు. ఈ రెండు నియమములును విడివిడిగా చూచినచో నిర్దోషములు. కలిపి చూచినప్పుడే చిక్కు బయటపడును: పూరింపని గడి సున్న, పట్టికలోని మొదటి పేరు సున్న, కావున ఎవరును చెప్పకుండగనే పట్టికలోని మొదటి పేరు సమాధానమైపోవును. ఎవరును ఈ విధముగా జరుగవలెనని సంకల్పింపలేదు. రెండు సౌకర్యములు కలిసి ఒక నిర్ణయమైనవి.

జావా, సి షార్ప్: రెండు మార్గములు

1996లో సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ వెలువరించిన జావా భాషయొక్క తొలి కూర్పులో ఎన్యూమ్ లేదు. ప్రోగ్రాములు వ్రాయువారు పేర్లుపెట్టిన పూర్ణాంకములతోనే కాలక్షేపము చేసిరి. వస్తువులోని సంఖ్యాక్షేత్రములకు జావాలో ఆరంభవిలువ సున్న గావున, సి భాషనాటి చిక్కే కొనసాగినది. అంతేగాక, వారమునకు సంబంధించిన 3 అను సంఖ్యను పేకముక్కకు సంబంధించిన గడిలో వేసినను అడ్డుచెప్పువాడు లేడు. జాషువా బ్లాక్ అను నిపుణుడు 2001లో ప్రకటించిన తన గ్రంథమున ఈ దోషమును వివరించి, ప్రతి పేరును ఒక వస్తువుగా చేయు పద్ధతిని బోధించెను. 2004లో వెలువడిన జావా అయిదవ కూర్పు ఆ భావమును భాషలోనికే తీసికొనినది. నాటినుండి జావాలో ఎన్యూమ్ ఒక తరగతి. దానిలోని ప్రతి పేరును ఒక వస్తువు. అందుచేత అట్టి క్షేత్రమునకు అనుక్త విలువ సున్న కాదు, 'నల్'. అనగా ఏ వస్తువును చూపనిది. పట్టికలోని మొదటి పేరు ఇక తనంతట తాను వచ్చి కూర్చుండజాలదు. కాని నల్ గల గడిని ఒక పేరుగా భావించి పని చెప్పబోయినచో ప్రోగ్రాము అచ్చటనే ఆగిపోవును.

2002లో మైక్రోసాఫ్ట్ సంస్థ విడుదల చేసిన సి షార్ప్ భాష వేరొక త్రోవ త్రొక్కినది. దాని ప్రధానశిల్పి యాండర్స్ హేల్స్‌బర్గ్ డెన్మార్కు దేశీయుడు. అంతకుముందు టర్బో పాస్కల్, డెల్ఫీ అను వానిని నిర్మించినవాడు. సి షార్ప్‌లో ఎన్యూమ్ వస్తువు కాదు, వట్టి విలువ. దాని అనుక్త విలువ ఎల్లప్పుడును సున్నయే. ఇక్కడ ఒక విచిత్రము కలదు. పట్టికలోని పేర్లకు 1, 2, 3 అని సంఖ్యలు ఇచ్చి, సున్నకు ఏ పేరును పెట్టకపోయినను, అనుక్త విలువ సున్నయే యగును. మన జనగణన సంకేతములను యథాతథముగా సి షార్ప్‌లో వ్రాసినచో, పూరింపని గడిలో పురుషుడు కాడు, స్త్రీ కాదు, ఇతరులు కాదు; పేరులేని సున్న యొకటి నిలుచును.

ఇంతటి మేధావులు ఈ పద్ధతిని ఏల యంగీకరించిరి? కారణము పొదుపు. పది లక్షల గడుల వరుసను ఒక్కసారిగా సున్నలతో నింపుట యంత్రమునకు అతి సులభము. ఒక్కొక్క గడికి ఒక్కొక్క ఆరంభవిలువను వెదకి పెట్టుట కాలహరణము. పైగా అన్ని రకములకును ఒకే నియమమున్నచో భాష సరళమగును. ఈ పొదుపును తేలికగా కొట్టివేయరాదు. దాని మూల్యమును ఎవరు చెల్లింతురనునదే ప్రశ్న.

మూల్యమెవరిది?

ఒక ఉదాహరణ నూహింతము. ఉద్యోగుల వివరములను పాత రిజిస్టర్లనుండి కంప్యూటరునకు ఎక్కించుచున్నారనుకొందము. వివాహస్థితికి అవివాహితుడు, వివాహితుడు, భార్యను గోల్పోయినవాడు అని మూడు పేర్లు వరుసగా పెట్టిరి. వేరుగా చెప్పలేదు గనుక అవివాహితునకు సున్న. పాత రిజిస్టరులో ఆ గడి పూరింపని ఉద్యోగులు కొందరుందురు. కాగితముపై అది ఖాళీ. కంప్యూటరులో వారందరును అవివాహితులు. పదునైదేండ్ల తరువాత అట్టి యుద్యోగి యొకడు మరణించును. అతని భార్య కుటుంబ పింఛను కొఱకు వచ్చును. కిటికీ కావల కూర్చున్న గుమాస్తా తెరవైపు చూచి, రికార్డులో అతడు అవివాహితుడని యున్నదమ్మా యనును. అతడు అబద్ధమాడుటలేదు. రికార్డు నిజముగా అట్లే యున్నది. కాని ఆ మాటను ఏ మనిషియు ఎన్నడును చెప్పలేదు, వ్రాయలేదు, సంతకము చేయలేదు. ఇక ఆమె తాను భార్యనని నిరూపించుకొనుటకై కాగితములు చేతబట్టుకొని కార్యాలయముల చుట్టు తిరుగవలెను.

సెలవు దరఖాస్తు స్థితులలో 'మంజూరు' అనుదానిని మొదట వ్రాసినచో, అధికారి కంటబడకముందే ప్రతి దరఖాస్తును మంజూరైనట్లు కనబడును. ఉద్యోగులకు ఇది యానందదాయకమే గాని, అది వేరు సంగతి.

ఇందు గమనింపదగిన విషయ మేమనగా, తప్పుడు విలువ తప్పుగా కనబడదు. సరియైన అవివాహితునకును, పూరింపని గడికిని తెరపై ఒకే అక్షరములు. ఒకసారి కలిసిన పిమ్మట వానిని విడదీయుటకు యంత్రమున ఏ యాధారమును మిగులదు. మరల పాత రిజిస్టరు దుమ్ము దులుపవలసినదే. జావా పద్ధతిలో నల్ ఎదురైనప్పుడు పని ఆగును. ఫైలు ముందుకు కదలదు. ఎవరో యొకరు కారణము వెదకుదురు. తప్పు నోటుతో సంతకములన్నియు ముగించుకొని వచ్చిన ఫైలుకంటె నడుమ ఆగిన ఫైలే మేలని మనకు అనుభవము. ఐనను ఆగుటయు నిరపాయకరము కాదు. 1965లో ఆల్గాల్ డబ్ల్యూ భాషకొఱకు నల్ సూచికను ప్రవేశపెట్టిన టోనీ హోర్ పండితుడు, 2009లో లండనులో ప్రసంగించుచు, అది తన వందకోట్ల డాలర్ల పొరపాటని తానే చెప్పుకొనెను. అమలుచేయుట అతి సులభమై యుండుటచే ఆ ప్రలోభమునకు లొంగితినని ఆయన వివరణ. సున్నకును నల్‌కును మూలకారణము ఒక్కటియే: యంత్రమునకు సులభమైనది మనుష్యునకు సమాధానముగా నిలుచుట.

మౌనమునకు పేరు పెట్టుట

ఈ చిక్కునకు విరుగుడు రెండు విధములుగా వచ్చినది. మొదటిది సున్నను ముందుగానే కేటాయించుట. స్త్రీపురుష వివరములకు అంతర్జాతీయ ప్రమాణసంస్థ 1970 దశకముననే రూపొందించిన సంకేతములలో సున్నకు 'తెలియదు' అని, 1కి పురుషుడని, 2కు స్త్రీ యని, 9కి 'వర్తించదు' అని అర్థములు. సి షార్ప్ వాడుకరులకు మైక్రోసాఫ్ట్ ఇచ్చిన మార్గదర్శకములలోను, సామాన్యమైన ఎన్యూములందు సున్నకు 'ఏదియు కాదు' వంటి పేరు తప్పక పెట్టవలెనని సూచన కలదు. గూగుల్ సంస్థ 2008లో బహిరంగపరచిన ప్రోటోకాల్ బఫర్స్ అను సమాచార వినిమయ పద్ధతి యొక్క మూడవ రూపము 2016లో వెలువడినది. అందు ఎన్యూములోని మొదటి పేరునకు సున్న విలువ తప్పనిసరి. దానికి 'నిర్దేశింపబడలేదు' అను అర్థము నిచ్చు పేరు పెట్టవలెనని సలహా. అనగా మౌనమునకే పట్టికలో మొదటి పీట వేసిరి.

రెండవ విరుగుడు అనుక్త విలువనే తొలగించుట. 2014లో ఆపిల్ సంస్థ ప్రకటించిన స్విఫ్ట్ భాషలోను, 2015లో మొదటి స్థిరరూపము పొందిన రస్ట్ భాషలోను, విలువ నీయని ఎన్యూమ్ గడిని చదువబోయినచో కంపైలరు ప్రోగ్రామునే అంగీకరింపదు. విలువ ఉండవచ్చును, ఉండకపోవచ్చును అను సందర్భమున ఆ సందేహమునే బహిరంగముగా ప్రకటించి, రెండు స్థితులకును త్రోవ చూపవలెను. రస్ట్ భాషలో 2022 నుండి, ఎన్యూములోని ఒక పేరును ఇదియే డిఫాల్టు అని గుర్తువేసి ప్రకటించు సులభమార్గము కూడ ఏర్పడినది. అక్కడను అనుక్త విలువ కలదు. కాని అది యాదృచ్ఛికముగా వరుసలో మొదట నిలిచినది కాదు, ఒక మనిషి ఆలోచించి, పేరుపెట్టి, వ్రాసి యిచ్చినది. అర్ధ శతాబ్దము తరువాత పాస్కల్ నాటి నిజాయితీ మరల పీఠమెక్కినదని చెప్పవచ్చును. ఈసారి దానిని అమలుపరచు కాపలాదారు కూడ వెంటవచ్చెను.

సమాచార పట్టికల శాస్త్రమునకు మూలపురుషుడైన ఎడ్గార్ కాడ్ ఇంకను ఒక మెట్టు ముందుకు పోయెను. 1990లో ప్రకటించిన తన గ్రంథమున ఆయన లోపించిన సమాచారము రెండు విధములని విభజించెను: ఉండవలసియు తెలియనిది యొకటి, అసలు వర్తింపనిది మరొకటి. మన కార్యాలయపు ఫారములలో 'వర్తించదు' అని వ్రాయుటకును, గడిని విడిచిపెట్టుటకును గల భేదమే యిది. ఆయన సూచించిన రెండు గుర్తుల పద్ధతి వ్యవహారమున నిలువలేదు గాని, ఆ భేదము మాత్రము సత్యము.

మన జనగణన శాఖ ఈ భేదమును పాటించుచున్నదని చెప్పుటకు సంతోషముగా నున్నది. 2011 లెక్కలలో మతమును గురించిన పట్టికలో 'మతము తెలుపనివారు' అను వర్గము వేరుగా కలదు. అట్టివారు సుమారు 29 లక్షల మంది; దేశజనాభాలో 0.2 శాతము. వారిని పట్టికలోని మొదటి వర్గమున కలిపివేయుట ఎంత సులభము! మొత్తము శాతములలో పెద్ద మార్పు కూడ కనబడెడిది కాదు. కాని 29 లక్షల మంది చెప్పని మాటను వారి నోట పెట్టినట్లయ్యెడిది. చెప్పకుండుట వారి హక్కు కావచ్చును, లేదా అడిగినవాని లోపము కావచ్చును. ఏది యైనను దానిని దాచకుండుట లెక్కవ్రాయువాని ధర్మము.

ఈ చరిత్రనుండి మనవంటివారు గ్రహింపదగినది యొక్కటి కలదు. కార్యాలయమునకు క్రొత్త సాఫ్ట్‌వేరు వచ్చినప్పుడు, దానిని తయారుచేసినవారు తెరలు, రంగులు, వేగము చూపుదురు. మనము అడుగవలసిన ప్రశ్న మరొకటి: ఈ గడిని పూరింపకున్నచో ఇందు ఏమని నిలుచును? ఆ సమాధానమును వ్రాతపూర్వకముగా పుచ్చుకొనవలెను. ఎన్యూమును వ్రాయు యువకునకు వరుసలో మొదటి పేరు ఏది పెట్టవలెనన్నది అరనిమిషపు పని. ఆ అరనిమిషమున అతడు కిటికీ వెలుపల నిలుచున్న మనిషిని తలచుకొన్నచో, ఆ మొదటి స్థానమును 'ఇంకను తెలియదు' అను మాటకు విడిచిపెట్టును.